వేధశాలలు ఇంకెక్కడికి పోవాలి?

(ఖగోళ శాస్త్రవేత్త ఎం.కె. వైను బాప్పు స్మృతిలో హైదరాబాద్‌లో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



వైను బాప్పు గారి పేరు మీద మాట్లాడమంటే, 1949లో ఆయన హార్వర్డ్‌లో చదువుకుంటూ కనిపెట్టిన తోకచుక్క గురించో, 1957 నాటి విల్సన్-బాప్పు ప్రభావం గురించో చెబుతానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. తోకచుక్కకు బాప్పు, బాక్, న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. రెండోది ఇంకా పెద్ద సంగతి. ఒక నక్షత్రం వర్ణపటంలో కాల్షియం గీత ఎంత వెడల్పుగా ఉందో కొలిస్తే ఆ నక్షత్రం అసలు వెలుగు ఎంతో తెలుస్తుంది. దాన్నిబట్టి దూరం తెలుస్తుంది. ఈ రెండింటి గురించీ నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అందుకని నేను ఆయన జీవితంలో మరో పార్శ్వం ఎంచుకున్నాను. అది ఆయన మంచి ఆకాశం కోసం తిరిగిన తిరుగుడు.

బాప్పు 1927లో మద్రాసులో పుట్టారు. పెరిగింది హైదరాబాద్‌లో, చదివింది నిజాం కాలేజీలో. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. అందువల్ల ఆ కుర్రవాడికి టెలిస్కోపు ఇంటి వస్తువులాగే అలవాటైంది. విద్యార్థిగా ఉండగానే వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను గమనించి పరిశోధన వ్యాసాలు రాశారు. హైదరాబాద్ ప్రభుత్వ ఉపకార వేతనం మీదే అమెరికా వెళ్లారు. తిరిగి వచ్చాక ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాల బాధ్యత చేపట్టారు. 1954లో కాశీలో మొదలైన ఆ సంస్థ మరుసటి ఏడాదికల్లా నైనిటాల్ కొండలెక్కింది. 1960లో కొడైకెనాల్ వచ్చారు. అక్కడ సూర్యుణ్ణి చూడవచ్చు గానీ రాత్రి పరిశీలనకు తగిన చోటు కాదని, దక్షిణ భారతమంతా గాలించి తమిళనాడు జవ్వాదు కొండల్లో కావలూరును పట్టుకున్నారు. ఆయన కలలుగన్న 2.34 మీటర్ల టెలిస్కోపు అక్కడ 1986లో ప్రారంభమైంది. అది చూడకుండానే 1982లో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు ఆ టెలిస్కోపుకూ ఆ వేధశాలకూ ఆయన పేరే.

కాశీ, నైనిటాల్, కొడైకెనాల్, కావలూరు. దేశంలో ఖగోళ శాస్త్రం పెరిగిన దారి ఇదే. ఊరు దగ్గరికి వస్తే వేధశాల ఇంకో కొండెక్కుతుంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఎక్కడానికి ఇక కొండలు మిగల్లేదు. ఇకమీదట కదలాల్సింది వేధశాల కాదు, ఊరి దీపం.

అమీర్‌పేట ఆకాశం

ఈ కథ మన ఊళ్లోనే మొదలైంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువు ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టుకున్నాడు. నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. నక్షత్రాలను ఫోటో తీసే 8 అంగుళాల టెలిస్కోపు కూడా ఆయన చొరవతోనే వచ్చింది. 1907లో ఆయన పోయాక, మరుసటి ఏడాది ప్రభుత్వం వేధశాలను తన చేతుల్లోకి తీసుకుంది. పరికరాలు బేగంపేట-అమీర్‌పేట వైపు కదిలాయి. ఊరికి దూరం, చుట్టూ ఖాళీ నేల, పైన చీకటి.

ఆ రోజుల్లో ప్రపంచ వేధశాలలన్నీ కలిసి ఆకాశాన్నంతా ఫోటోల్లోకి ఎక్కించే పనిలో ఉన్నాయి. 1887లో పారిస్ సమావేశంలో ఆ సంకల్పం జరిగింది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ పంచారు. చిలీలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ అక్కడ పూర్తి కాలేదు. ఖగోళ విషువద్వృత్తానికి దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆ భాగాన్ని హైదరాబాద్ నెత్తికెత్తుకుంది. చాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లీషు దొరలు మొదలుపెట్టిన పనిని టి.పి. భాస్కరన్ ముందుకు నడిపించారు. తర్వాత ఉత్తరాన ఇంకో పట్టీ కూడా ఇక్కడివాళ్లే చేశారు.

ఆ పని ఎలాంటిదో కాస్త ఊహించండి. గాజు పలక మీద రసాయనం పూత. ఒక్కో పలకలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు ఆకాశం మాత్రమే పడుతుంది. భూమి తిరుగుడుకు తగ్గట్టు టెలిస్కోపును కదుపుతూ, కన్ను ఆర్పకుండా చుక్కను గురి మీద నిలపాలి. పలక కడిగి ఆరాక, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కో నల్ల చుక్క స్థానాన్ని చేత్తో కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. అలా లక్షల నక్షత్రాలు. ఆకాశంలో కాస్త వెలుగు ఎక్కువైనా పలక మసకబారి సన్నని చుక్కలు మునిగిపోతాయి. అవి మునగలేదంటే అప్పటి అమీర్‌పేట రాత్రి ఎంత నల్లగా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ శ్రమ వృథా పోలేదు. 2000లో యూరప్ శాస్త్రవేత్తలు టైకో-2 అనే నక్షత్ర పట్టిక ప్రచురించారు. అందులో 25 లక్షల నక్షత్రాలున్నాయి. ఉపగ్రహం కొలిచిన స్థానాలను నూరేళ్ల నాటి గాజు పలకల కొలతలతో పోల్చి, ఏ నక్షత్రం ఎటువైపు ఎంత జరిగిందో లెక్కకట్టారు. ఆ పాత కొలతల్లో మన అమీర్‌పేటవీ ఉన్నాయి.

ఇప్పుడు అమీర్‌పేట మెట్రో దిగి చూడండి. మైత్రీవనం వైపు ఒక్కో భవనానికి నాలుగైదు అంతస్తుల ఎత్తున కోచింగ్ సెంటర్ల బోర్డులు. పగటికన్నా రాత్రే వాటి అక్షరాలు బాగా కనిపిస్తాయి. పాత వేధశాల ఆవరణలో ఇప్పుడొక ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ ఉంది. దాని చిరునామాలో ‘నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్, బేగంపేట’ అనే ఉంటుంది. పోస్టుమ్యాన్‌కు పనికొచ్చే పేరు మిగిలింది. టెలిస్కోపుకు పనికొచ్చే ఆకాశం పోయింది.

రంగాపూర్ దాకా వచ్చిన వెలుగు

నగరం దీపాలు పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం చేసిన పని కూడా కదలడమే. హైదరాబాద్‌కు ఆగ్నేయంగా యాభై కిలోమీటర్లు దాటాక జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టారు. 1968 చివర్లో అది పనిలోకి దిగింది. జంట నక్షత్రాల మీద ఇక్కడి నుంచి ఎన్నో పరిశోధనలు వచ్చాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం ఆ ఊరి మీదుగా పోయింది. ఆ రోజు హైదరాబాద్‌లో జనం భయపడి తలుపులు వేసుకుంటే, విదేశాల నుంచి శాస్త్రవేత్తలు రంగాపూర్ వెతుక్కుంటూ వచ్చారు.

అప్పట్లో నగరానికి చాలా దూరం అనుకున్న చోటు అది. తర్వాత ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఇబ్రహీంపట్నం వైపు కాలేజీలు, లేఅవుట్లు వచ్చాయి. ఇప్పుడు కందుకూరు, యాచారం మండలాల వైపు ఫ్యూచర్ సిటీ అనే కొత్త నగరం వస్తోంది. నగరం ఆ దిక్కుకు పోవడాన్ని నేను తప్పుపట్టను. కొత్త నగరం కట్టేవాళ్ల చేతిలోని నక్షాలో ఆ వేధశాల గోపురం ఉందా అనేదే నా ప్రశ్న. ఎక్కడ నీటి ట్యాంకు, ఎక్కడ సబ్‌స్టేషన్ అని గీసిన కాగితం మీద, ఇక్కడో వేధశాల ఉంది, దీని చుట్టూ దీపాలు ఇలా ఉండాలి అన్న గీత కూడా ఉండాలి. కట్టని నగరానికి దీపాలు సరిగ్గా పెట్టడంకన్నా చవకైన పని మరొకటి లేదు. కట్టాక మార్చాలంటే ప్రతి స్తంభం దగ్గరా ఒక బిల్లు.

నక్షత్రాన్ని మింగేది ఏ వెలుగు?

దీపం ఉండటమే తప్పని ఎవరూ అనరు. తప్పంతా దీపం ఎటు చూస్తోందనేదాంట్లోనూ, అది ఏ రంగు అనేదాంట్లోనూ ఉంది.

మా కాలనీ పార్కులో గుండ్రటి తెల్ల బుడ్డీల దీపాలున్నాయి. మీ కాలనీలోనూ ఉండే ఉంటాయి. వానాకాలం రాగానే ఆ బుడ్డీ అడుగున చచ్చిన ఉసిళ్లు గుప్పెడు పేరుకుంటాయి. స్తంభం మొదట్లో, అంటే మనిషి నడిచే చోట, మసక నీడ. ఎదురుగా అపార్టుమెంటు మూడో అంతస్తు పడకగదిలో మాత్రం పుస్తకం చదువుకోవచ్చు. బుడ్డీ నుంచి వచ్చే వెలుగులో దాదాపు సగం అడ్డంగానూ పైకీ పోతుంది. మొక్కకు పోయాల్సిన నీళ్లు గోడ మీద చల్లినట్టు. బిల్లు మాత్రం మొత్తానికీ కడతాం.

పైకి పోయిన వెలుగు ఊరికే పోదు. గాలి అణువులనూ ధూళినీ తాకి చెదిరి, మళ్లీ మన కంట్లోకే వస్తుంది. పగలు ఆకాశం నీలంగా ఉండటానికి కారణమే ఇక్కడా పనిచేస్తుంది. గాలి అణువులు నీలి కాంతిని ఎక్కువ చెదరగొడతాయి, పసుపును తక్కువ. పాత సోడియం దీపం పసుపు కాంతి తరంగం దాదాపు 589 నానోమీటర్లు. తెల్లటి ఎల్ఈడీలో ఉండే నీలి ముక్క దాదాపు 450. తరంగం పొడవు తగ్గేకొద్దీ చెదరడం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లెక్కకడితే, స్వచ్ఛమైన గాలిలో ఆ నీలి ముక్క పసుపుకన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. వాట్లు తగ్గాయని మనం సంతోషిస్తున్న తెల్ల దీపం ఆకాశాన్ని చెడగొట్టడంలో ముందుంటుందంటే కారణం ఇదే.

ఎల్ఈడీల కథలో మన తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కకావికలు చేసింది. ఊరిని మళ్లీ నిలబెట్టే పనిలో భాగంగా 2015 మొదటి నెలల్లోనే ఆ నగరంలో తొంభై వేలకు పైగా వీధిదీపాలు ఎల్ఈడీలయ్యాయి. ఆ తర్వాత దేశమంతా అదే బాట పట్టి కోటికి పైగా దీపాలు మార్చింది. కరెంటు ఆదా అయింది, అది నిజం. ఆదా వల్ల చేతికొచ్చిన డబ్బుతో చీకటి అవసరమైన చోట కూడా దీపాలు పెట్టడం మొదలుపెట్టాం, అదీ నిజమే. చెరువు కట్ట మీద, గుట్ట చుట్టూ, ఫ్లైఓవర్ పిట్టగోడ పొడుగునా, చివరికి చెట్టు కాండానికి కూడా దీపాలు చుట్టాం.

ఎంత పెరిగిందో అడుగుతారా? 2016లో వచ్చిన ప్రపంచ ఆకాశ పటం ప్రకారం మనుషుల్లో 80 శాతానికి పైగా కాంతి కాలుష్యం కిందే బతుకుతున్నారు. మూడోవంతు మందికి తమ ఊరి నుంచి పాలపుంత కనబడదు. 2023లో సైన్స్ పత్రికలో ఇంకో పరిశోధన వచ్చింది. 2011 నుంచి 2022 దాకా మామూలు మనుషులు తమ పెరట్లో నిలబడి ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో నమోదు చేసిన 51 వేల పైచిలుకు పరిశీలనలను అందులో కూడారు. ఎక్కువభాగం యూరప్, ఉత్తర అమెరికాలవి. ఆకాశం వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోందని తేలింది. అంటే ఎనిమిదేళ్లు నిండకుండానే రెట్టింపు. ఓ బిడ్డ పుట్టిన రోజున 250 చుక్కలు కనబడే చోట, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వంద మిగులుతాయి. ఉపగ్రహాల లెక్కలు ఇంత పెరుగుదల చూపించలేదు. వాటి కెమెరాకు నీలి కాంతి సరిగా ఆనదు. పెరట్లో నిలబడ్డ మనిషి కన్ను దాన్ని పట్టుకుంది.

రాత్రిని చదివే ప్రాణులు

ఇది నక్షత్రాలు చూసే కొద్దిమంది సరదాకు సంబంధించిన సంగతి అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు డ్రాగన్ ఫ్రూట్ తోట వేసిన రైతును అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చలికాలంలో ఆ తోటల్లో రాత్రిళ్లు బల్బులు వెలుగుతుంటాయి. పగలు పొడుగ్గా ఉందని మొక్కను నమ్మించి, కాలం కాని కాలంలో పూత తెప్పించడానికి. చామంతి రైతు చేసేది ఇందుకు వ్యతిరేకం. చామంతికి రాత్రి పొడుగైతేనే మొగ్గ వస్తుంది. ధర వచ్చేదాకా పూత ఆపాలంటే రాత్రి దీపాలు పెడతాడు. కొన్ని గంటల వెలుతురు మొక్క క్యాలెండరునే మార్చేస్తుందని ఆ రైతులకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అదే వెలుతురు వీధి స్తంభం నుంచి పక్క చేలో పడితే ఏమవుతుందో మనం అడగం. వెలుతురు పడిన మేర వరి ఆలస్యంగా ఈనుతుందని జపాన్ వ్యవసాయ శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు.

మన సముద్రతీరానికి రండి. ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శ్రీకాకుళం నుంచి కింది జిల్లాల దాకా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు రాత్రివేళ ఇసుక తోసుకుంటూ బయటికొస్తాయి. వాటికి తల్లి తోడు ఉండదు, దారి చెప్పేవారూ ఉండరు. నేల వార ఏ దిక్కు వెలుగ్గా ఉంటే అటు పాకడమే వాటికి తెలిసిన విద్య. లక్షల ఏళ్లుగా ఆ వెలుగు సముద్రానిదే. నక్షత్రాల కాంతి నీటి మీద పడి మెరిసేది. ఇప్పుడు బీచ్ రోడ్డు, హోటళ్లు, హైమాస్టు దీపాలు సముద్రంకన్నా వెలుగ్గా ఉన్నాయి. పిల్లలు నీళ్లకు వీపు తిప్పి రోడ్డెక్కుతాయి. అక్కడ కాకులో కుక్కలో చక్రాలో వాటి పని పడతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు గుడ్లను ఏరి, కంచె కట్టిన పొదిగే చోట పెట్టి, పిల్లలను సముద్రం దాకా చేరుస్తున్నాయి. మెచ్చుకోవలసిన పనే. అయితే గూటి నుంచి నీళ్ల దాకా పిల్లను చేతుల మీద మోసుకుపోవడంకన్నా, ఆ కొన్ని నెలలు ఒడ్డున దీపం కిందికి తిప్పడం తేలిక.

మనిషి సంగతీ చెప్పాలి. మన కంటి వెనక పొరలో చూపుకన్నా, పగలో రాత్రో తేల్చుకోవడానికే ఎక్కువగా పనికొచ్చే కణాలున్నాయి. అవి నీలి కాంతికే ఎక్కువ స్పందిస్తాయి. పడుకోబోయే ముందు నీలి వెలుగు ఎక్కువైతే మెలటోనిన్ అనే నిద్ర హార్మోను ఊరడం తగ్గి నిద్ర వెనక్కి పోతుంది. ఇది పరిశోధనల్లో తేలిన సంగతి.

దీపం లేనివాడి ప్రశ్న

ఇక్కడ ఓ న్యాయమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేస్తే ఈ ఉపన్యాసానికి విలువ ఉండదు.

ఈ సభలో పెద్దవాళ్లు చాలామంది కిరసనాయిలు బుడ్డి ముందు చదువుకున్నవాళ్లే. వాడలో చివరి స్తంభానికి బల్బు పెట్టించడానికి సర్పంచి చుట్టూ, కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లూ ఉండి ఉంటారు. రాత్రి డ్యూటీ దిగి బస్‌స్టాపు నుంచి ఇంటికి నడిచే అమ్మాయికి చీకటి గొప్పతనం గురించి చెప్పే హక్కు నాకు లేదు. పొలం గట్టున కాలి కింద ఏముందో తెలియక నడిచే రైతుకూ అంతే. పాము కాటు మన పల్లెల్లో నేటికీ ప్రాణాలు తీస్తోంది.

అయితే వాళ్లకు కావలసిన దీపం, మనం పెడుతున్న దీపం ఒకటి కావు. వాళ్లకు కాలిబాట మీద సమంగా పడే వెలుగు కావాలి. మనం కూడలిలో హైమాస్టు పెట్టి, ఆ పక్క సందును అలాగే వదిలేస్తాం. హైమాస్టు కింద నుంచి సందులోకి తిరిగిన మనిషికి కొన్ని నిమిషాలు ఏమీ కనబడదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, కళ్లు చెదరగొట్టడానికి ఒక్క క్షణం చాలు. ఎదురుగా కంట్లో కొట్టే దీపం వెనక ఎవరు నిలబడ్డారో కూడా తెలియదు. కాబట్టి ఆకాశం కోసం అడిగే దీపమూ, ఆ అమ్మాయి కోసం అడగాల్సిన దీపమూ ఒకటే: పైన కప్పు ఉండి, కిందికే చూసే, కంట్లో కొట్టని, సందు సందుకూ ఉన్న దీపం. స్తంభాలు తగ్గించమని నేను అడగడం లేదు. కొన్ని వాడల్లో పెంచమనే అడుగుతున్నాను.

మైకు ఆగింది, బోర్డు ఆగలేదు

చట్టం ఏమంటోంది? మన దేశంలో కాంతి కాలుష్యానికే ప్రత్యేకించిన కేంద్ర చట్టం లేదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కాలుష్య కారకాన్ని ఘన, ద్రవ, వాయు పదార్థంగా నిర్వచించింది. వెలుగు ఈ మూడింట్లో ఏదీ కాదు.

దీన్ని చూసి చేతులెత్తేయనక్కర్లేదు. శబ్దం కూడా పదార్థం కాదు కదా. 1981 వాయు కాలుష్య చట్టాన్ని 1987లో సవరించి శబ్దాన్ని అందులో చేర్చారు. 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టకూడదన్నారు. మొదట్లో ఎవరూ నమ్మలేదు. పెళ్లిళ్లు, జాతరలు, ఎన్నికలు ఉన్న దేశంలో ఇది సాగుతుందా అన్నారు. అన్నిచోట్లా సాగుతోందని నేను అనను గానీ, పదిన్నరకు మైకు మోగితే 100కు ఫోన్ చేసే హక్కు ఉందని ఇప్పుడు అందరికీ తెలుసు. అదే పదిన్నరకు ఎదురింటి డిజిటల్ హోర్డింగు మీ పడకగది గోడ మీద రంగులు మారుస్తుంటే ఎవరికి ఫోన్ చేయాలి? శబ్దానికి చేసిన సవరణ వెలుగుకూ చేయవచ్చు. బ్రిటన్ 2005లో ఇంటి మీద పడే అనవసరపు వెలుగును చట్టరీత్యా న్యూసెన్సుగా చేర్చింది. ఫ్రాన్సు 2013 నుంచి అర్ధరాత్రి ఒంటిగంటకల్లా దుకాణాల అద్దాల వెనక దీపాలు ఆర్పాలంది. ప్యారిస్‌కు వెళ్లే యాత్రికులు దానివల్ల తగ్గలేదు.

ఊరు పెరుగుతూనే ఆకాశాన్ని కాపాడుకోవచ్చని చూపించింది అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్. 1930లో ప్లూటోను కనుగొన్న లోవెల్ వేధశాల ఆ ఊళ్లోనే ఉంది. ప్రకటనల కోసం ఆకాశంలోకి వేసే సర్చ్‌లైట్లను 1958లోనే ఆ ఊరు నిషేధించింది. 2001లో ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ చీకటి ఆకాశ నగరంగా గుర్తింపు పొందింది. అక్కడ రోడ్లున్నాయి, హోటళ్లున్నాయి, విశ్వవిద్యాలయం ఉంది. చీకటేమీ రాజ్యమేలడం లేదు. దీపాలు కిందికి చూస్తున్నాయి, అంతే.

మన దేశంలోనూ మొదలైంది. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి ఇళ్లు దీపాలకు తొడుగులు, కిటికీలకు దట్టమైన తెరలు వేసుకున్నాయి. ఊరి యువతీ యువకులకు టెలిస్కోపులిచ్చి, యాత్రికులకు ఆకాశం చూపించే శిక్షణ ఇచ్చారు. చీకటి వాళ్లకు జీవనోపాధి అయింది. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యం దేశంలో మొదటి చీకటి ఆకాశ పార్కు అయింది.

హాన్లేను చూసి గర్వపడదాం. కానీ అమీర్‌పేటలో, గాజువాకలో, విజయవాడ వన్‌టౌన్‌లో పుట్టిన పిల్ల లద్దాఖ్ వెళ్లి నక్షత్రం చూడదు. బాప్పు శాస్త్రవేత్త అయింది హాన్లే చూసి కాదు, ఇంటి పక్క ఆకాశం చూసి. దేశానికి టెలిస్కోపులు నిలబెట్టడానికి కొండలు కావాలి. టెలిస్కోపు దగ్గరికి వచ్చే మనుషులు తయారవ్వడానికి ఊరి ఆకాశమే కావాలి. వేధశాలలు కొండలెక్కుతూ పోతున్నంత కాలం మనం ఈ రెండో సంగతి మరిచాం.

ఏం చేయాలి?

పర్యావరణ సమస్యల్లో దీనంత సులువైనది లేదు. నదిలో కలిసిన విషం తీయడానికి దశాబ్దాలు పడుతుంది. ఆకాశంలో కలిసిన వెలుగు స్విచ్ తీసిన క్షణానే పోతుంది. కాబట్టి నేను అడిగేవి ఆచరించదగినవే.

ఒకటి, రంగాపూర్. ఫ్యూచర్ సిటీ నిబంధనల్లోనే వేధశాల చుట్టూ దీపాల నియంత్రణ ప్రాంతాన్ని చేర్చాలి. ఈ అర్జీ పెట్టాల్సింది ఉస్మానియా విశ్వవిద్యాలయం, సంతకాలు చేయాల్సింది మనం.

రెండు, టెండరు. మున్సిపాలిటీలు దీపాలు కొనేటప్పుడు వాట్లు, ధర, గ్యారంటీ రాస్తున్నాయి. ఇంకో మూడు మాటలు చేర్చితే చాలు: పైకి వెలుగు పోని తొడుగు, 3,000 కెల్విన్‌కు మించని పసుపు ఛాయ రంగు, రాత్రి పదకొండు తర్వాత వెలుగు తగ్గించే ఏర్పాటు. సుమారు పదేళ్లకు దీపాలు ఎలాగూ మార్చాలి. విశాఖలో 2015 నాటివి మార్చే కాలం వచ్చింది. అప్పుడు ముందు నడిచిన నగరం ఇప్పుడూ ముందు నడవవచ్చు.

మూడు, బోర్డులు. మైకుకు పెట్టిన వేళలే హోర్డింగుకూ పెట్టాలి. ఫంక్షన్ హాళ్ల మీద ఆకాశంలోకి తిరిగే కాంతి స్తంభాలను పూర్తిగా ఆపాలి. వాటివల్ల పెళ్లికి వచ్చే బంధువు ఒక్కడూ పెరగడు.

నాలుగు, తీరం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డుల్లో సముద్రం వైపు చూసే దీపాలన్నీ కిందికి తిరగాలి.

ఐదోది కొలత. కొలవనిదాన్ని ఏ కమిషనరూ పట్టించుకోడు. దీనికి ఖరీదైన మీటరు అక్కర్లేదు, మన పురోహితుల చేతిలో ఎప్పటినుంచో ఒకటి ఉంది. వేసవి రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షుల తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, రెండో తరగతి ప్రకాశం. దాన్ని ఆనుకొని అరుంధతి, నాలుగో తరగతి. మామూలు చూపున్న మనిషికి చీకటి ఊళ్లో ఇద్దరూ విడివిడిగా కనబడతారు. నగరం నడిబొడ్డున వశిష్ఠుడు మిగులుతాడు, అరుంధతి మాయమవుతుంది. కల్యాణ మండపం బయట ఫ్లడ్‌లైట్ల కింద కొత్త దంపతులు తలెత్తి, ఏమీ కనబడకపోయినా ‘కనిపించింది’ అని తలూపడం మనందరం చూసిందే. ఆ అబద్ధాన్ని ఇక లెక్కలోకి మారుద్దాం. ప్రతి ఉన్నత పాఠశాలా మార్చి నుంచి జూన్ దాకా, నెలలో చంద్రుడు లేని ఒక రాత్రి, పిల్లలను డాబా ఎక్కించి అరుంధతి ఎందరికి కనిపించిందో రాసిపెట్టాలి. అడ్డొచ్చిన దీపం ఎక్కడుందో, అది ఎవరిదో కూడా రాయాలి. ఆ కాగితం ఒక ప్రతి మున్సిపల్ ఆఫీసుకు, ఒక ప్రతి ఈ సభ జరిపే సంఘానికి.

ఈ వేదికను నడిపే పెద్దలకు చివరిగా ఒక విన్నపం. వచ్చే ఏడాది ఇక్కడ మాట్లాడబోయేవారికి బాప్పు గారి జీవిత చరిత్ర పంపకండి, అది వాళ్లకు తెలిసే ఉంటుంది. ఈ కాగితాలన్నీ కూడిన లెక్క పంపండి. ఏ వార్డులో అరుంధతి కనబడింది, ఎక్కడ కనబడలేదు, నిరుటికన్నా ఎన్ని దీపాలు కిందికి తిరిగాయి అని వారు పేరుపేరునా చదవాలి. తిరగని దీపాల స్వంతదారులను మొదటి వరుసకు ఆహ్వానించడం కూడా మరిచిపోకండి.